సిస్టర్ మార్తమ్మ పరీక్షించిన మరమనిషి

పక్కింట్లో ఎవరో పసివాడి పాలసీసాను మరిగిస్తున్నట్టున్నారు. వంటింటి కిటికీలోంచి వేడెక్కిన ప్లాస్టిక్కు వాసన వచ్చింది. చాలామందికి అది ముక్కు మూసుకునే వాసన. నాకు మాత్రం గవర్నర్‌పేటలో నేను మొదట ఉద్యోగం చేసిన చిన్న పిల్లల ఆసుపత్రి, వార్డు చివర గదిలో కిరసనాయిలు స్టవ్వు, దానిమీద గిన్నెలో ఉడుకుతున్న బొమ్మలు, వాటిని పప్పు ఉడికిందో లేదో చూసినంత శ్రద్ధగా చూస్తూ నిలబడిన సిస్టర్ మార్తమ్మగారు గుర్తొస్తారు.

ఎనభైల మొదట్లో సంగతి. నర్సు ట్రైనింగు అయిపోయి, మైలవరం దగ్గర మా ఊరినుంచి పెట్టె పట్టుకుని వచ్చి ఆ వార్డులో చేరాను. నాకు ఇరవై ఒకటి. మా ఇంట్లో అందరూ వ్యవసాయం చేసేవాళ్ళే, ఉద్యోగానికి వచ్చినదాన్ని నేనే మొదట. మార్తమ్మగారు వార్డు ఇన్‌ఛార్జి. పొట్టి మనిషి, మెల్లగా మాట్లాడేవారు, ఆదివారం చర్చి నుంచి తిన్నగా డ్యూటీకి వచ్చేవారు. దాతలు ఇచ్చిన బొమ్మ ఏదైనా సరే ఆవిడ చేతుల మీదుగా వెళ్ళకుండా పిల్లల మంచం చేరేది కాదు. వేణ్ణీళ్ళలో వేసేవారు. కళ్ళు మూసుకుని తన చెంపకు రాసుకుని అంచులు గీసుకుంటాయేమో చూసేవారు. కదిలే ప్రతి భాగాన్నీ పదేసిసార్లు లాగేవారు. ఆ తర్వాత రూళ్ళ పుస్తకంలో ఆ బొమ్మకు ఒక పేజీ రాసేవారు. మాలో కొందరం ఆ పుస్తకాన్ని చూసి చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు లారీల యజమాని ఒకాయన వచ్చాడు. న్యుమోనియా తగ్గి వాళ్ళబ్బాయి ఇంటికెళ్ళిన సంతోషంలో ఉన్నాడు. "మద్రాసులో మావాడికి కొంటూ మీ వార్డుకి కూడా ఒకటి కొన్నానండి. జపాన్ సరుకంట," అంటూ అరచేతిలో పట్టే ఎర్ర లారీ ఒకటి ఇచ్చాడు. ముందు భాగం పైకెత్తితే లోపలినుంచి తల లేచింది. పక్క రేకులు విప్పితే చేతులయ్యాయి. వెనక భాగాన్ని లాగి రెండుగా విడదీస్తే కాళ్ళు. లారీ మాయమై మరమనిషి నిలబడ్డాడు. అలాంటిది మేమెవరం ఎన్నడూ చూడలేదు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు కూడా పేషెంట్లను వదిలేసి రెండుసార్లు తిప్పి చూశారు.

మార్తమ్మగారు దాన్ని మధ్యాహ్నమంతా పరీక్షించారు. నేను పక్కనే కూర్చుని దూది ఉండలు చుడుతున్నాను.

"తెలివైనవాడు చేశాడు భారతీ. ఈ తల దాచిన తీరు చూడు, ఎక్కడన్నా ఒక్క మేకు కనపడుతోందా?" అని ముందు మెచ్చుకున్నారు. కాళ్ళు లాగి చూసి, "కానీ పిల్లల కోసం చేసినవాడు కాదు. కొనే తండ్రుల కోసం చేశాడు," అన్నారు.

పుస్తకంలో నాలుగు తప్పులు రాశారు. వేడినీళ్ళకు రంగు పెచ్చులు లేస్తోంది. మోకాలి మడతలో వేలి చర్మం నలుగుతోంది. మనిషిగా నిలబెడితే వెనక్కి పడుతోంది. అన్నిటికన్నా ముఖ్యం, భుజం దగ్గర పిన్ను బియ్యపు గింజంత ఉంది, లాగగా లాగగా వదులవుతోంది. "బాగుచేసేదాకా ఇది బయటికి రాకూడదు," అని అల్మారాలో పెట్టేశారు. ఇంత మంచి బొమ్మలో ఈవిడకు తప్పులే కనిపించాయా అని నాకు చిరాకేసింది.

అప్పుడు మా వార్డులో కోటేశ్వరి అని ఏడేళ్ళ పిల్ల ఉండేది. ఉయ్యూరు పక్క పల్లె. వాళ్ళ నాన్న చెరకు గానుగ ఆడించేవాడు. పిల్ల గానుగలోకి గడ అందించబోయి కుడిచెయ్యి ఇరికించుకుంది. చిటికెనవేలు, ఉంగరపువేలు తీసేయవలసివచ్చింది. కట్టు మార్చేటప్పుడు ఆ చేతిని చూసేది కాదు, గోడవైపు తిరిగి కేకలు పెట్టేది. తల్లి పున్నమ్మ పక్కన కూర్చుని, "అంతా బాగైపోద్దమ్మా, ఎప్పట్లాగే అయిపోద్ది," అని అదే మాట అంటూ ఉండేది.

ఒక మధ్యాహ్నం మార్తమ్మగారు ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు. కట్టు నేనొక్కదాన్నే మార్చాలి. పిల్ల చెయ్యి ఇవ్వదు. ఆ ఏడుపు వినలేక అల్మారా తీసి మరమనిషిని తెచ్చాను. మంచం మీద నిలబెట్టి, మడిచి లారీని చేసి చూపించాను. ఏడుపు ఆగిపోయింది.

"దీని చేతులేమైనయ్యి?" అంది, లారీని చూసి.

"లోపలికి పోయాయి. ఇదిగో, మళ్ళీ వచ్చాయి చూడు."

పిల్ల బొమ్మనూ తన కట్టునూ మార్చి మార్చి చూసింది. "నా ఏళ్ళు కూడా మళ్ళీ వస్తయ్యా సిస్టరమ్మా?"

"వస్తాయమ్మా," అన్నాను.

తనంతట తానే చెయ్యి చాపింది. కన్నీటి చుక్క లేకుండా కట్టు మారింది. నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. బొమ్మను దానికే వదిలేశాను.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి మరమనిషికి ఒక చెయ్యి లేదు. అది పక్కమీద విడిగా పడుంది. పిన్ను కనపడలేదు. కోటేశ్వరి పెదాలు బిగబట్టుకుని కూర్చుంది, ఏమడిగినా నోరు తెరవదు. మార్తమ్మగారి దగ్గరికి పరుగున వెళ్ళి, "సిస్టర్, ఆ బొమ్మ నేనే ఇచ్చానండి. పిన్ను ఊడిపోయింది, మింగిందేమో," అన్నాను.

"ముందు పిన్ను సంగతి చూద్దాం. తర్వాత నీ సంగతి," అన్నారు.

దుప్పటి దులిపాం, దిండు గలీబు తిరగేశాం, నేలంతా చేతులతో తడిమాం. ఎక్స్‌రే గదికి కబురు పంపి, మార్తమ్మగారు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. "నోరు తెరువు తల్లీ. నిన్నెవరూ ఏమీ అనరు."

పిల్ల నోరు తెరవలేదు, ఎడమ పిడికిలి తెరిచింది. పిన్ను అరచేతిలో గుచ్చుకుని ఉంది. "నేను ఇరగ్గొట్టలా. దానంతటదే ఊడింది," అంది.

"నాకు తెలుసు. అది ఊడుతుందని ముందే రాసిపెట్టాను."

"మరి దాని చెయ్యి వస్తదా? నా ఏళ్ళు వస్తయ్యని ఆ సిస్టరమ్మ చెప్పింది."

మార్తమ్మగారు తలతిప్పి ఒక్కసారి నా వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. తర్వాత పిల్ల రెండు భుజాలూ పట్టుకుని, "బొమ్మ చెయ్యి అతికిద్దాం. నీ రెండు వేళ్ళు మాత్రం ఇక రావమ్మా," అన్నారు.

"అయ్యో, ఆ మాట అనమాకండమ్మా," అని పున్నమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. కోటేశ్వరి ఏడ్చింది. కట్టు మార్చేటప్పటి కేకలు కావవి, లోపలినుంచి వచ్చిన ఏడుపు. రౌండ్స్ మొదలైనా మార్తమ్మగారు కదలలేదు. పిల్ల ఆవిడ ఒళ్ళో తలపెట్టి అలిసేదాకా ఏడ్చి, "మరి మిగతాయి ఉన్నయ్యా?" అంది.

"మూడున్నాయి. చూద్దామా?"

ఆరోజు ఆ పిల్ల తన చేతిని మొదటిసారి చూసుకుంది.

తర్వాత వరండాలో నన్ను పిలిచారు. తిడతారనుకుని తల దించుకున్నాను. "ఆ బొమ్మని నేను పదిసార్లు లాగి చూశాను భారతీ. నువ్వు చెప్పిన మాటని ఒక్కసారన్నా లాగి చూశావా?" అన్నారు. అంతే. పైవాళ్ళకు చెప్పలేదు, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

రెండురోజుల్లో మరమనిషి భుజాన్ని కుట్లు వేసే సిల్కు దారంతో బిగించారు. మోకాలి అంచును ఆకురాయితో నున్నగా అరగదీశారు. గాయం మానాక, వేళ్ళు బిగుసుకుపోకుండా, రోజూ కోటేశ్వరి ఆ మూడు వేళ్ళతో లారీని మనిషిని చెయ్యాలి, మనిషిని లారీని చెయ్యాలి. మొదట్లో విసిరికొట్టేది. ఒకరోజు తనే పట్టుకొచ్చి, "తల లేపాలంటే గోరు కావాలి. గోరు కత్తిరించుకున్నోళ్ళు ఎట్టా తీస్తారు?" అంది. మార్తమ్మగారు నవ్వడం నేను చూసింది తక్కువ, అప్పుడు నవ్వారు. అయిదో తప్పు రాసి దాని కింద ఆ పిల్ల పేరు వేశారు. ఇంటికెళ్ళేరోజు బొమ్మ దాంతోపాటే ఉయ్యూరు బస్సెక్కింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. మార్తమ్మగారు రిటైరై, కొన్నాళ్ళకు కాలం చేశారు. మంచం పక్కన నిలబడి "తగ్గిపోతుందా సిస్టర్?" అని అడిగినవాళ్ళెందరికో జవాబు చెప్పవలసివచ్చింది. ప్రతిసారీ నోటిదాకా వచ్చిన మాటను ఒక క్షణం ఆపి, అది రేపు కూడా నిలబడుతుందా అని చూసుకున్నాను. ఆలస్యంగా మాట్లాడే మనిషినని పేరు తెచ్చుకున్నాను.

మా అమ్మ చివరి జబ్బులో ఉన్నప్పుడు నా మొహం చూసి, "నాకు తగ్గుద్దంటావా భారతీ?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ తగ్గుతుందని అప్పటికే చెప్పేసి ఉన్నారు. నేను అమ్మ చెయ్యి పట్టుకుని, "తగ్గదమ్మా. నొప్పి మాత్రం తెలియకుండా నేను చూసుకుంటాను," అన్నాను.

అమ్మ ఎన్నో ఏళ్ళుగా మాటల్లేని తన చెల్లెలి పేరు చెప్పి, "అయితే దానికి కబురు పెట్టు. నేను ఒకమాట చెప్పాలి," అంది.