పాట లేని చీటీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. మనిషికి అలాంటి వయసు ఒకటి వచ్చి పోతుందేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. ఊరందరికీ సలహాలు చెప్పడానికి సరిపడా చదువు ఉంటుంది గానీ, అందులో ఒక్కటైనా తను పాటించి చూసిన అనుభవం ఉండదు. నాకు ఆ వయసు ప్రొద్దుటూరులో వచ్చింది. ఎంబీఏ ముగించి, హైదరాబాదులో కొన్నాళ్ళు, బెంగళూరులో కొన్నాళ్ళు ఇంటర్వ్యూల చుట్టూ తిరిగి, చివరికి మా ఊళ్ళోనే కొత్తగా తెరిచిన ఒక మ్యూచువల్ ఫండ్ల ఏజెన్సీలో చేరాను. (ఏజెన్సీ అంటే పెద్దగా ఊహించుకోకండి. కింద నగలకు పాలిష్ పట్టే అంగడి, పైన ఒక గదిలో మేము, మా మీద ఎండ.) మా మేనేజరు సారుది గుంటూరు వైపు. ఆయన మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి, "జనానికి ఒకటే మాట చెప్పు. బంగారం చచ్చిన డబ్బు. బీరువాలో పడుకుంటుంది తప్ప పని చెయ్యదు" అన్నాడు. నేను ఆ మాట బట్టీ పట్టి, మరుసటి రోజు మెట్ల మీద నిలబడి ఎవరికో గట్టిగా చెబుతుంటే, కింది అంగడి ఆచారి పైకొచ్చి నా చేతికి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి, "నాయనా, ఆ మాట రవ్వంత మెల్లగ చెప్పు. నా గిరాకీ మెట్ల కిందనే నిలబడుకోనుంది" అన్నాడు. బంగారం మీద బతికే ఊళ్ళో బంగారాన్ని తిట్టే ఉద్యోగం నాది. అయినా నాకు ఏ అనుమానమూ రాలేదు.

నా తెలివి మొదట ఎవరి మీద ప్రయోగించానంటే, మా మేనత్త మీద. మా వీధి చివరి ఇల్లు ఆమెది. జాకెట్లకు మగ్గం పని చేసేది. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, దాని ముందు నడుము వంచుకుని కూర్చుని, జరీతో పూసలతో నెమళ్ళనూ తామరలనూ కుట్టేది. బట్టల అంగళ్ళ వాళ్ళు పెళ్ళిళ్ళ కాలంలో మూటలు మూటలు పంపేవాళ్ళు. ఆ ఇంటి సంసారం ఆ సూది మీదే నడిచేది. ఇంతలో జమ్మలమడుగులో ఎవరో ఒకాయన కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ తెచ్చి పెట్టాడు. మా అత్త దినమంతా కుట్టే నెమలిని ఆ మిషన్, దాని యజమాని టీ తాగి వచ్చేలోగా కుట్టేసేది. మూటలు ఒక్కొక్కటిగా జమ్మలమడుగు బస్సెక్కడం మొదలుపెట్టాయి. శ్రావణ మాసం పెళ్ళిళ్ళ లోపల తను కూడా అలాంటి మిషన్ కొనకపోతే ఇక ఎవరూ తన గడప తొక్కరని అత్తకు తెలిసిపోయింది. చదువుకున్న అల్లుడినని నన్ను పిలిచి అడిగింది.

ఆమె పడుతున్న ఆదుర్దా నాకు కనిపించలేదు. నాకు కనిపించింది ఒక కస్టమరు. "అత్తా, మిషన్ కొన్న మరుసటి దినం నుంచే దాని విలువ పడిపోతా వస్తాది. దాన్ని తరుగుదల అంటారు. అదే దుడ్లు నెలనెలా ఫండులో వేసుకుంటా పోతే పెరుగుతాయి" అని మొదలుపెట్టాను. చక్రవడ్డీ గురించి చెప్పాను. ఓపిక గురించి చెప్పాను. కాగితం మీద కొండలాగా పైకి పోయే గీత ఒకటి గీసి చూపించాను. అత్త ఆ గీతను తలకాయ అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "మిషన్ విలువ పడిపోయినా జాకెట్టు కుడతాది కదప్పా. నీ ఫండు ఏం కుడతాది?" అంది. ఈ ప్రశ్న మా శిక్షణలో రాలేదు. కంగారులో, 'స్థానిక ఉదాహరణలు వాడండి' అని సారు చెప్పింది గుర్తొచ్చి, "చీటీ లాంటిదే అత్తా! నెలనెలా కట్టేది" అనేశాను.

అంతే, అత్త ముఖం వెలిగిపోయింది. "చీటీ అని ముందే చెప్పకూడదా? ఇంతసేపు ఏందేందో చెప్తాండావు!" అని నా చేతిలో కాగితం లాక్కుని పక్కన పెట్టేసింది. మా వీధిలో ఆడవాళ్ళ చీటీ ఒకటి ఏళ్ళ తరబడి నడిచేది. దాన్ని నడిపే ఆమె కడపకు కాపురం మార్చడంతో అది ఆగిపోయింది. కొత్త చీటీ ఎవరు మొదలుపెడతారా అని అందరూ చూస్తున్నారట. సాయంత్రానికల్లా మా ఇంటి అరుగు నిండిపోయింది. భర్త కువైట్‌లో పని చేసే పక్కింటి చాచీ వచ్చింది. (మా వీధిలో అందరికీ ఆమె కువైట్ చాచీ. ఆమె మాత్రం ఏనాడూ కడప దాటి పోలేదు.) పులివెందుల దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉన్న మా పెద్దమ్మ ఫోనులోనే చేరిపోయింది. వీధిలో మిగతావాళ్ళంతా వాళ్ళ వెనకే వచ్చారు. నేను పరుగులు పెట్టి పాన్ కార్డులు తెప్పించాను, సంతకాలు చేయించాను. 'పెట్టుబడి మార్కెట్ రిస్కులకు లోబడి ఉంటుంది' అని చదివి వినిపిస్తే, కువైట్ చాచీ "అట్లనే బేటా, యాడ సంతకం పెట్టల్ల?" అంది. మా సారు నా ఫోటో గోడకు అంటించి, దాని కింద 'ఈ నెల వీరుడు' అని రాయించాడు.

మరుసటి నెల ఆదివారం పొద్దున నేను నిద్ర లేచేసరికి వీరుడి ఇంట్లో ఉగ్గాని ఘుమఘుమలు. అమ్మ పెద్ద గంగాళంలో బొరుగులు నానబెట్టి పిండుతోంది. పక్కన పెనంలో మిరపకాయ బజ్జీలు సలసలమంటున్నాయి. "ఎవరమ్మా వస్తాండేది?" అని అడిగితే, అమ్మ నన్ను వింతగా చూసి, "చీటీ పెట్టినోడివి నువ్వు, నన్ను అడుగుతావేంది? పాట రోజు నోరు తీపి కాకున్నా కారమన్నా చేయల్ల కదా" అంది. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. మా వైపు చీటీ అంటే నెలకోసారి అందరూ చీటీ నడిపే వాళ్ళింట్లో కూర్చోవాలి, పాట పెట్టాలి. ఆ నెల డబ్బు అవసరమున్నవాళ్ళు, నేనింత వదులుకుంటానంటే నేనింత వదులుకుంటానని పోటీ పడతారు. ఎక్కువ వదులుకున్న వాళ్ళు మొత్తం ఎత్తుకుపోతారు. వాళ్ళు వదులుకున్నది మిగతావాళ్ళు పంచుకుంటారు. పాట లేని చీటీ మా ఊళ్ళో ఎవరూ చూసి ఎరుగరు.

అందరూ వచ్చేశారు. పులివెందుల పెద్దమ్మ మొదటి బస్సుకే దిగి, సంచి నిండా చీనీకాయలు కూడా తెచ్చింది. మా అత్త పట్టుచీర కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. మిషన్ కంపెనీ వాళ్ళు ఇచ్చిన రంగుల కాగితం ఆమె చేతిలో మడత పడి ఉంది. ఆ కాగితం చూశాక నాకు అప్పటికి తలకెక్కింది. అత్త నా సలహా పాటించలేదు. ఆ చీటీ మొదటి పాట తనే పాడుకుని మిషన్ కొందామని చేరింది. ఇంకో మిషన్ కోసం తిరుగుతున్న జమ్మలమడుగు ఆయన దగ్గర అడ్వాన్సు తీసుకోవద్దని కంపెనీ వాళ్ళను బతిమాలి మరీ వచ్చిందట.

"ఇంక పాట మొదలుపెట్టు నాయనా" అంది పెద్దమ్మ.

"పెద్దమ్మా, దీంట్లో పాట ఉండదు" అన్నాను.

"పాట ల్యాకుంటే దుడ్లు ఎవురికి ఇస్తావు?"

"ఎవరివి వాళ్ళకే. ఎవరి పేరు మీద వాళ్ళవి ఉంటాయి. ఎప్పుడన్నా తీసుకోవచ్చు. కానీ ఈ నెల మార్కెట్ కొంచెం జారింది, ఇప్పుడు తీస్తే కట్టినదాని కంటే రవ్వంత తక్కువ వస్తాది."

బజ్జీ కొరకబోయిన చాచీ దాన్ని అలాగే పట్టుకుని నా వైపు చూసింది. "ఎవురిది వాళ్ళకే అయితే, బేటా, మేము ఇంతమందిమి ఎందుకు చేరినాం?" అంది.

నిజం చెబుతున్నాను, అర్థశాస్త్రంలో నేను రాసిన ఏ పరీక్షలోనూ ఇంత కష్టమైన ప్రశ్న రాలేదు. రిస్కు విభజన అని ఏదో నసిగాను. "అయితే మా దుడ్లు మాకు ఇప్పించెయ్" అన్నారు తప్ప నన్ను ఎవరూ తిట్టలేదు, అదే ఎక్కువ బాధ. అందరూ మా అత్త వైపు చూస్తున్నారు. అత్త ఆ రంగుల కాగితాన్ని ఇంకా చిన్నగా మడత పెడుతోంది. అంతలో మా సారు ఫోన్ చేశాడు. చీటీ జనం అందరూ డబ్బు వెనక్కి తీసుకుంటామంటున్నారని పెరటి వైపు వెళ్ళి చెబితే, ఆయన అరిచిన అరుపు నా చెవికి ఆనించుకున్న ఫోన్లోంచి పెరడు దాటి అరుగు దాకా పాకింది. ఒక్క కస్టమరూ మిగలకపోతే నువ్వూ మిగలవు అన్నాడు. ముఖం కడుక్కుని తిరిగి వచ్చేసరికి ఇంట్లో పాట జరుగుతోంది.

"వచ్చినోళ్ళం ఎట్లా వచ్చినాం, బజ్జీలు ఎట్లా తిన్నాం. వీని కాగితాల చీటీ వద్దు, మన చీటీ మనం వేసుకుందాం" అని పెద్దమ్మ తేల్చేసిందట. అత్త తన పాట పాడింది. మిషన్ ధరకు ఎంత కావాలో చూసుకుని భయం భయంగా చాలా తక్కువే వదులుకుంటానంది. ఆ మాత్రానికి ఎవరైనా పైపాట పాడి లాగేసుకోవచ్చు. కువైట్ చాచీ తన ఇంటి పైకప్పు కారుతోందని, మొదటి పాట తనదేనని వారం నుంచీ ఆడవాళ్ళతో చెబుతోందట. ఆమె నోరు తెరిచింది. అత్త ముఖం వైపు చూసింది. నోట్లో ఇంకో బజ్జీ పెట్టుకుంది. ఇంకెవరూ గొంతెత్తలేదు. నిజంగా అవసరం ఉన్న మనిషి పాడితే పక్కవాళ్ళు ఊరుకోవడం మా చీటీల్లో ఎవరూ రాసుకోని కట్టుబాటు. "పోయింది పాట. మా అమ్మణ్ణికే" అని అత్త వీపు తట్టింది పెద్దమ్మ. ఆ మీదట నెలనెలా వసూలు చేసే పని ఎవరికి ఇవ్వాలని చర్చ వచ్చి, లెక్కలు చదువుకున్నవాడినని నన్నే పెట్టారు. చీటీలు మాన్పించడానికి జీతం తీసుకునే మనిషిని చీటీ గుమాస్తాను చేసిన ఘనత మా వీధిది.

మిషన్ వచ్చింది. రాగానే అన్నీ సర్దుకున్నాయని చెబితే అబద్ధం. మొదట్లో దారం తెగేది, డిజైన్ వంకర పోయేది. బట్టల అంగళ్ళ వాళ్ళు, "చూద్దాంలే" అనేవాళ్ళు. తప్పుడు సలహా ఇచ్చింది నేనా, విననిది ఆమెనా అని నేను లోలోపల తీర్పులు చెప్పుకుంటున్న సమయంలోనే, చీటీ ఆడవాళ్ళు ఒక్కొక్కరే జాకెట్టు గుడ్డలు పట్టుకుని అత్త ఇంటికి రావడం చూశాను. అత్త మిషన్ ఆడితేనే చీటీ వాయిదా కడుతుంది, అత్త కడితేనే వాళ్ళ పాట వాళ్ళకు వస్తుంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు గానీ అందరికీ తెలుసు. పెద్దమ్మ పులివెందులలో పెళ్ళి ఎవరింట్లో ఉంటే వాళ్ళ గుడ్డలన్నీ మూట గట్టి బస్సు డ్రైవరు పక్కన పడేసి పంపేది. చాచీ దుపట్టాల అంచులకు పూలు కుట్టించి, కువైట్ పోయేవాళ్ళ పెట్టెల్లో పెట్టించేది. షేర్లు కొన్నవాడు కంపెనీ నష్టపోతే అమ్ముకుని పోతాడని నేను చదువుకున్నాను. వీళ్ళు మాత్రం పని మూట గట్టుకుని వచ్చారు. చాచీ అడిగిన ప్రశ్నకు జవాబు అదేనని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఇక నా సంగతి. ఊరందరికీ రాబోయే కాలం గురించి చెప్పిన నాకు, నా ఉద్యోగం ఫోన్లోకి వెళ్ళిపోతుందని మాత్రం తెలియలేదు. జనమంతా యాప్‌లలో సొంతంగా కట్టుకోవడం మొదలుపెట్టాక ఏజెన్సీ మూతపడింది. నేను బీఈడీ చేసి, ఇప్పుడు జమ్మలమడుగులో కామర్స్ పాఠాలు చెబుతున్నాను. "సార్, ఏం చదివితే ఉద్యోగం పోదు?" అని పిల్లలు అడుగుతారు. ఒకప్పుడైతే గీత గీసి చూపించేవాణ్ణి. ఇప్పుడు, "నాకూ సరిగ్గా తెలియదు నాయనా, నీకు చేతనైన పని ఒకటి బాగా నేర్చుకో, నలుగురితో కలిసి ఉండు" అంటాను. వాళ్ళకు ఈ జవాబు రుచించదని ముఖాల్లోనే కనిపిస్తుంది.

ఈమధ్య ప్రొద్దుటూరు పోయినప్పుడు అత్త ఇంటికి వెళ్ళాను. రెండు మిషన్లు ఆడుతున్నాయి, ముగ్గురు అమ్మాయిలు పని చేస్తున్నారు. అత్తకు చూపు మందగించింది. ఫోన్ నా చేతికిచ్చి, "నెలనెలా ఈ మెసేజి వస్తాది, ఏందో చదువు" అంది. చూశాను. ఆనాటి ఫండు. అందరూ వెనక్కి తీసుకున్నారనుకున్నానా, అత్త తీసుకోలేదు. ఆనాడు సారు నన్ను ఎందుకు తీసెయ్యలేదో అప్పటికి అర్థమైంది. ఇన్నేళ్ళుగా ఒక్క నెల తప్పకుండా కడుతూనే ఉంది. నేను గీసిన ఆ కొండ గీతలాగే అది నిజంగానే పెరిగి కూర్చుంది. నా సలహా మొత్తానికి మొత్తం పాటించిన మనిషి లోకంలో ఒకే ఒక్కరు, అది కూడా దాన్ని ఒక్క ముక్క నమ్మని మా అత్త.

"ఎందుకు ఆపలేదు అత్తా?" అన్నాను.

"ఆ పొద్దు నీ సారు ఫోన్లో అరుస్తాంటే నా చెవిన పడింది. ఒక్కరన్నా మిగలల్లంట కదా, నేను మిగిల్నా."

"ఆ ఏజెన్సీ మూతపడి ఎన్నేళ్ళయిందో నీకు తెలీదా?"

"తెలుసప్పా. అయినా నువ్వు అన్ని దినాలు ఎండలో తిరిగి అందరికీ చెప్తివి. ఒక్కరన్నా నీ మాట విన్నట్ల ఉండల్ల కదా" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళు చెమర్చాయి. పెట్టుబడుల గురించి అంతా తెలుసనుకుని వీధులు తిరిగిన ఆ కుర్రవాడికి, ఆ వీధిలోనే ఒక మనిషి నెలనెలా తన మీద పెట్టుబడి పెడుతోందని తెలియనే లేదు. అత్త నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "ఇంక ఆపమంటావా, ఉంచమంటావా? నీకే కదా తెలిసేది" అంది.