నంబరు వేసిన నత్తలు

నేను నీటిపారుదల శాఖలో ఏఈగా కోట మండలానికి వచ్చిన రెండో ఏడు, స్వర్ణముఖి నదిలో డీసిల్టింగ్, అంటే పూడిక తీసే పని నాకు అప్పగించారు. జేసీబీ దిగడానికి వారం ఉందనగా కెజియా అనే పరిశోధకురాలు ఆఫీసుకు వచ్చారు. వేసవిలోనూ నీళ్లు ఆరని వంపు దగ్గర ఒక అరుదైన రకం నత్తలున్నాయనీ, వేరే చోట్ల దాదాపు అంతరించాయనీ, అక్కడ తవ్వొద్దనీ అడిగారు. ఎన్ని ఉన్నాయో రుజువు తెస్తే పైకి రాస్తానన్నాను. నిజానికి ఆమెను పంపించెయ్యడానికే ఆ మాటన్నాను.

ఆమె మర్నాడే మార్కింగ్ మొదలుపెట్టారు. నత్త గుల్ల మీద గోళ్లరంగుతో నంబరు వేసి దొరికిన చోటే వదలడం. మళ్లీ వెతికినప్పుడు నంబరున్నవెన్నో లేనివెన్నో చూసి మొత్తం అంచనా కడతారు. నలభై నత్తలకు ఎర్ర నంబర్లు పడ్డాయి.

మూడో రోజు ఫోన్ చేశారు. "సార్, నంబరున్నది ఒక్కటీ లేదు."

ఇద్దరం మోకాళ్ల లోతు నీళ్లలో వంగి వెతికాం. నా కళ్లజోడు నీళ్లలో పడింది. మూడు రోజుల్లో నత్త ఎంత దూరం పోగలదని అడిగితే కెజియా నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఒడ్డున బాతులు మేపుకునే మస్తానమ్మ వచ్చి ఏం పోయిందని ఆరా తీసింది. రోజూ బాతులకు నత్తలేరేది తనేనంది. కెజియా రాయి మీద కూలబడ్డారు. బాతులు నిండు పొట్టలతో తృప్తిగా ఉన్నాయి.

"ఎర్ర నంబర్లవా? అయి గవర్మెంటువి గదా సార్. జేసీబీ కింద పడితే మళ్లా మమ్మల్నే అడుగుతారని ఇంట్లో పెట్టుండా."

ఆమె ఇంటి వెనక ప్లాస్టిక్ తొట్టిలో, ఏటి నీళ్లలో, రాళ్ల మధ్య నత్తలు హాయిగా ఉన్నాయి. ముప్పైతొమ్మిది.

"పదిహేడోది తప్పించుకుని పోయినాది సార్. నా మీద రాయొద్దు."

కెజియాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వాటిని తిరిగి ఏట్లో వదిలాక, పిల్ల నత్తలు ఏ రాళ్ల కింద ఉంటాయో మస్తానమ్మే తిప్పి చూపించింది. మేం వెతికిన చోటు కన్నా అక్కడే ఎక్కువ. లెక్క తేలింది, నేను పైకి రాశాను. మా పై అధికారి ఈఈ గారు ఫైలు రెండుసార్లు చదివి, అర్జీ పెట్టుకున్నది నత్తలేనా అని అడిగారు. అయినా వంపును పనిలోంచి తీసేశారు.

రుజువు తెమ్మని మనిషిని వెనక్కి పంపడం మా ఉద్యోగంలో చాలా సులువు. ఇప్పుడు ఏ ఎస్టిమేటు వేసే ముందైనా, ఆ నీళ్లలో రోజూ దిగేవాళ్లెవరో కనుక్కుని, ఒక పూట వాళ్ల వెనకే నడుస్తున్నాను.