గాల్లోకి పేలిన తుపాకీ

నా చిన్నప్పుడు కుందలహళ్ళి చుట్టూ రాగి చేలుండేవి. అడవిపందుల్ని బెదరగొట్టడానికని ఊళ్ళో మూడిళ్ళలో తుపాకులు ఉంచుకున్నారు. ఎదురింటి పెద్దాయనది నడవలో గోడకు వేలాడేది. మేం పిల్లలం దాని కిందే అచ్చనగాయలు ఆడేవాళ్ళం. మా అవ్వ మాత్రం ఆ గడప దగ్గరికి వచ్చి నన్ను బయటికి పిలిచేది, లోపలికి వచ్చేది కాదు.

పెద్దాయన కొడుకు పెళ్ళి ఊరేగింపు మా వీధిలోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. పక్కింటి అక్క నాకు జడ వేసి, కనకాంబరాలు పెట్టి, చూద్దాం రమ్మని మిద్దె మీదికి తీసుకెళ్ళింది. టీచరు ట్రైనింగుకు సీటొచ్చిందని ఆమె అప్పటికి వారం నుంచీ సంబరంగా ఉంది. కింద పెద్దాయన తుపాకీ పైకెత్తాడు. మొదటి చప్పుడుకి జనం ఈలలు వేశారు. రెండో చప్పుడుకి అక్క చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. కాలు జారి పడిందనుకున్నాను. కింద మేళం ఇంకా మోగుతూనే ఉంది.

పోలీసులు పెద్దాయన్నీ ఆ తుపాకీనీ తీసుకుపోయారు. ఆ పిల్ల తలరాత అంతేనంది ఊరు. మిగతా రెండు తుపాకులు గోడలకు అలాగే ఉన్నాయి.

దినాలు కాగానే అవ్వ, అక్క వాళ్ళమ్మను వెంటబెట్టుకుని, తుపాకులు స్టేషనులో ఇచ్చేయమని అడగడానికి ఆ రెండిళ్ళకూ బయలుదేరింది. నేనూ వెళ్ళాను. పందుల సంగతి వాళ్ళడిగితే, డబ్బాలు కొడుతూ వంతులవారీగా కాపలా కాద్దామంది. మొదటి ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు. రెండో ఇంటాయన తన గురి ఎన్నడూ తప్పలేదన్నాడు. అవ్వ అతని వాకిట్లో కూర్చుంది.

"తలరాత అనొద్దప్పా. తుపాకీ ఉండె, కాల్చినారు, బిడ్డ సచ్చిపోయె. నీ ఇంట్లో ఇంకొకటి ఉండాది."

సాయంత్రానికి ఆయన భార్యే దాన్ని గోడ మీంచి దించి ఆయన చేతికిచ్చింది. ఆయన తలవంచుకుని స్టేషనుకు నడిచాడు.

మొన్నీమధ్య ఎలక్ట్రానిక్ సిటీలో మా బంధువుల పెళ్ళిలో, వీడియో కోసమని పెళ్ళికొడుకు స్నేహితుడొకడు పిస్తోలు తీశాడు. అందరూ ఫోన్లు ఎత్తారు. నేను లేచి అతని ముందు నిలబడ్డాను.

"ఊరికే గాల్లోకే కదా ఆంటీ" అన్నాడు.

మా అక్కనూ గాల్లోకి కాల్చిన గుండే చంపిందని చెప్పాను. అతను దాన్ని లోపల పెట్టుకున్నాడు.

ఎవరింట్లోనైనా తుపాకీ ఉందని వింటే ఇప్పటికీ వెళ్ళి, స్టేషనులో ఇచ్చేయమని అడుగుతాను. కొందరు తలుపు తీయరు. మర్నాడు మళ్ళీ వెళ్తాను.