తాండూరులో అరగంట

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ మాట మొదటే చెప్పకపోతే, మిగతాది చదివి ముసలాయనకి మతి పోయిందనుకుంటారు. ముప్పై ఆరేళ్లు రైల్వేలో స్టేషన్ మాస్టర్‌గా చేశాను. ప్రతి స్టేషన్‌కీ ఒక దెయ్యం కథ ఉంటుంది. తెల్లచీర, లాంతరు, పట్టాల మీద నడక, అన్నీ విన్నాను. ఇన్నేళ్లలో ఒక్క దెయ్యం కూడా నా కిటికీ దగ్గరికొచ్చి బండి ఎన్నింటికని అడగలేదు.

నేను నమ్మింది గడియారాన్ని. మా రిజిస్టర్‌లో బండి వచ్చిన టైం ఒకసారి రాస్తే చెరపకూడదు, దిద్దకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఎక్కడికి బయల్దేరినా జేబులో చిన్న నోటుబుక్కు ఉంటుంది. ఎక్కిన టైం, దిగిన టైం రాస్తాను. మా ఆవిడ విమల దాన్ని చూసి నవ్వుతుంది. ఇప్పుడు చెప్పబోయే విషయానికి నా దగ్గరున్న మొదటి సాక్ష్యం ఆ నోటుబుక్కే. అందులో ఆ రోజు పేజీలో ఒక్క కొట్టివేత కూడా లేదు.

మొన్న చలికాలం చివర్లో పుణెలో ఉన్న మా అబ్బాయి శ్రీధర్ దగ్గర్నుంచి విశాఖపట్నం తిరిగొస్తున్నాం. నేరుగా విమానం దొరకలేదు. పొద్దున్న ఏడూ ఇరవై ఐదుకి శంషాబాద్‌లో దిగాం. సాయంత్రం ఆరూ నలభైకి ఇంకో విమానం ఎక్కాలి. మధ్యలో పదకొండు గంటల పైనే ఖాళీ.

ఆ సాయంత్రం విమానం మాత్రం తప్పకూడదు. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి విమల కుడికంటికి ఆపరేషన్. ఆ డాక్టరు వేరే ఊరి నుంచి నెలకి ఒక్కరోజే వస్తారు. నెల ఆగితే చూపు నిలుస్తుందని హామీ ఇవ్వలేనని ముందే చెప్పేశారు.

పదకొండు గంటలు ఎయిర్‌పోర్టు కుర్చీలో కూర్చుంటే నడుం ఏమవుతుందో నా వయసు వాళ్లకి చెప్పక్కర్లేదు. సామాను నేరుగా విశాఖకి వెళ్లిపోతుంది, చేతిలో ఒక సంచీ మాత్రమే ఉంది. శ్రీధర్ చార్మినార్, గోల్కొండ అని జాబితా పంపించాడు. సిటీ ట్రాఫిక్ మీద నాకు నమ్మకం లేదు. బయట టాక్సీ దగ్గర నర్సింలు కనిపించాడు. యాభై ఏళ్లుంటాయి, వికారాబాద్ జిల్లా కుల్కచర్ల మనిషి. నా మొహంలో అనుమానం చూసి తనే అన్నాడు.

"సిటీల పోతె ఇర్కపోతరు సార్. అనంతగిరి పోదాం. గాలి మంచిగుంటది, గుడి ఉంటది. రెండు గంటల కల్లా తెచ్చి ఈడ్నే దింపుత. ఫికర్ చెయ్యకుండ్రి."

ఎనిమిదీ పదికి బయల్దేరాం. తొమ్మిదీ యాభైకి అనంతగిరిలో ఉన్నాం. చెట్ల కింద ఇంకా చలి ఉంది. పద్మనాభస్వామి దర్శనం తీరిగ్గా అయింది. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. హైదరాబాదులో మూసీని చూసినవాళ్లు ఇక్కడి నీళ్లు చూస్తే రెండూ ఒకే నది అంటే ఒప్పుకోరు. కోతులు చూడకుండా కోడలు కట్టిచ్చిన పులిహోర తిన్నాం. విమల చాలాసేపు కొండల్ని చూస్తూ కూర్చుంది. ప్రాణం హాయిగా ఉంది. మీకెప్పుడైనా శంషాబాద్‌లో ఇన్ని గంటలు చిక్కితే వెళ్లి రండి, నా మాట విని మీరు చెడిపోరు.

పదకొండూ ఐదుకి కొండ దిగాం. వికారాబాద్ దగ్గర తాండూరు దారి చూపించే బోర్డు వచ్చింది. విమల ఆ బోర్డుని చూసింది, నన్ను చూడలేదు. ఏమీ అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు.

ముప్పై రెండేళ్ల కిందట నాది తాండూరులో డ్యూటీ. శ్రీధర్ అప్పుడు నాలుగు నెలల పిల్లాడు. విమలకి టైఫాయిడ్ వచ్చి మంచం పట్టింది. మా క్వార్టర్స్ వెనక మహాదేవమ్మ అని ఒకావిడ ఉండేది. భర్తకి నాపరాతి బండల గనిలో పని. ఆమె చంకలో కూడా ఒక ఆడపిల్ల. ఎవరూ అడక్కుండానే వచ్చి, ఇరవై రెండు రోజులు తన బిడ్డతో పాటు మా వాడికీ పాలిచ్చింది. విమల లేచి తిరుగుతున్న రోజుల్లో నాకు బదిలీ ఆర్డరు వచ్చింది. మహాదేవమ్మ అప్పుడు పుట్టింటికి, కర్ణాటకలో సేడం వైపు వెళ్లింది. నాలుగు రోజులాగుదాం, ఆవిడ వచ్చాక చెప్పి వెళదాం అని విమల బతిమాలింది. టైం లేదన్నాను. ఆ తర్వాత ఎప్పుడు తాండూరు మాటెత్తినా అదే జవాబు చెప్పాను. కొన్నాళ్లకి అడగడం మానేసింది.

బోర్డు దాటి పది గజాలు పోయాక నర్సింలుని ఆపమన్నాను. నోటుబుక్కు తీసి లెక్క వేశాను. ఒంటిగంటలోపు తాండూరు. ఎంత లేటైనా మూడింటికి అక్కణ్నుంచి బయల్దేరితే అయిదున్నరకి ఎయిర్‌పోర్టు. మూడు దాటితే మాత్రం విమానం మీద ఆశ వదులుకోవాలి. ఈ మాట ఇద్దరికీ గట్టిగా చెప్పి, పద అన్నాను. విమల నా చెయ్యి పట్టుకుంది. అరవై దాటాక కారులో చెయ్యి పట్టుకుంటే కాస్త సిగ్గేసింది, కానీ విడిపించుకోలేదు.

దారంతా బండల లారీలు. ఒకటి రోడ్డుకి అడ్డం తిరిగి ముప్పావుగంట తినేసింది. తాండూరు చేరేసరికి ఒంటిగంట. మహాదేవమ్మ పాత ఇల్లు లేదు. అక్కడ అడిగి, ఇక్కడ అడిగి, చివరికి బండలు పాలిష్ చేసే ఒక షెడ్డు పక్క ఇంటి ముందు ఆగాం. నోటుబుక్కులో రైల్వే లెక్కన పద్నాలుగూ ఇరవై అని రాశాను, మీ లెక్కన రెండూ ఇరవై. అంటే మాకున్నది సరిగ్గా నలభై నిమిషాలు.

ఆమె గడపలో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. విమల పేరు చెప్పుకోనక్కర్లేకపోయింది.

"బన్రీ, బన్రీ" అని కన్నడంలో పిలిచి, ఆ వెంటనే ఏడుపందుకుంది. "ఎన్నేండ్లాయె అక్కా! నేనొచ్చేసరికి తాళమేసి ఉండె. చెప్పకుంట పోతివి."

విమల కూడా ఏడ్చింది. నేను చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. తప్పు నాదేనమ్మా అనాల్సింది నేను.

టైం లేదు, మూడింటికి వెళ్లిపోవాలి అని చెప్పాను. ఆమె వినలేదు. "రొట్టె తినకుంట పోనియ్య సార్. పొయ్యి ముట్టించినంక చుట్టం లేస్తె నా ఇంటికి మంచిది గాదు" అంది. చేటలో ఉన్న పప్పే కడిగి, కట్టెల పొయ్యి మీద గిన్నెలో వేసింది. కుక్కరు కాదు, గిన్నె. తాండూరు కందిపప్పు తొందరగా ఉడుకుతుందని పేరు. ఎంత పేరున్నా దాని టైం అది తీసుకుంటుంది కదా.

ఇక్కణ్నుంచి జరిగింది వరసగా చెబుతాను. పప్పు పొయ్యి మీద ఉండగా శ్రీధర్‌కి వీడియో కాల్ చేశాం. వాడు ఆఫీసులో బయటికొచ్చి మాట్లాడాడు. మహాదేవమ్మ ఫోన్ని రెండు చేతుల్తో పట్టుకుని, వాడి బట్టతల చూసి నవ్వి, పెళ్లాం పిల్లల పేర్లడిగి, తన బిడ్డ కబుర్లు చెప్పింది. వాడు 'అమ్మా' అని పిలిచేసరికి మళ్లీ ఏడ్చింది. కాల్ అయ్యాక పప్పుకి తాలింపు పెట్టింది. తర్వాత జొన్నరొట్టెలు. ఒక్కొక్కటే చేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన నీళ్లు తడిపి, కాల్చి, వేడిగా కంచంలో వేసింది. ముగ్గురికీ కలిపి ఎనిమిది. నేను లెక్కపెట్టాను. తిన్నాక నేను బయట అరుగు మీద కూర్చున్నాను. లోపల ఆమె విమలకి తలకి నూనె రాసి, దువ్వి, జడ వేసింది. ఇద్దరి నవ్వులూ వినిపిస్తున్నాయి.

నిద్రపోయారేమో అని అందరూ అడుగుతారు. లేదు. పక్క షెడ్డులో పాలిష్ మిషను మోత, అందులో ఎవరికి నిద్ర పడుతుంది?

ఈ మధ్యలో ఒక్కసారి కూడా నేను వాచీ చూడలేదు. నిజం చెప్పాలంటే భయపడ్డాను. ఎలా లెక్కేసినా నాలుగు దాటి ఉంటుంది. విమానం పోయింది, విమల కన్ను పోగొట్టాను అనుకున్నాను. అయినా లోపలికెళ్లి లే అనలేకపోయాను. ముప్పై రెండేళ్ల కిందట తొందరపెట్టి తీసుకొచ్చేసినవాణ్ని నేనే.

ఇంతలో నర్సింలు పరుగున వచ్చాడు. "సార్, మాఫ్ చేయుండ్రి. హోటల్ల తిని కార్ల జర పడుకున్న, కన్నంటుకుంది. మస్తు లేటైంది. ఫ్లైటు పోయినట్టే గదా!" అన్నాడు. మొహం పాలిపోయింది.

అప్పుడు వాచీ చూశాను. రెండూ యాభై.

నమ్మక నర్సింలు ఫోన్ తీసి చూశాడు. రెండూ యాభై ఒకటి. విమల ఫోన్లోనూ అంతే. ఎండ చూశాను. కారు దిగినప్పుడు అరుగు మీద ఇంటి నీడ రెండో బండ అంచు దగ్గర ఉంది. దాన్ని నేను చూసి పెట్టుకున్నాను, ప్లాట్‌ఫారం మీద నీడ చూడటం పాత అలవాటు. ఇప్పుడూ దాదాపు అక్కడే ఉంది.

ఆలోచించడానికి తీరిక లేదు. గడప ముందు నర్సింలు మా ముగ్గురికీ ఫోటో తీశాడు. మహాదేవమ్మ మూటలో కిలోడు కందిపప్పు కట్టిచ్చింది. దారి మధ్యలో పరిగిలో పెట్రోలు పోయించుకున్నప్పుడు మూడూ నలభై ఎనిమిది. ఎయిర్‌పోర్టులో దిగినప్పుడు అయిదూ పది. నర్సింలు వెళ్తూ వెళ్తూ, "గిట్ల ఎన్నడు జూడలే సార్" అని దండం పెట్టాడు, నాకు కాదు, తాండూరు వైపు తిరిగి.

విమానం ఎక్కాం. ఆపరేషన్ అయింది. కన్ను బాగుంది. విమల ఇప్పుడు గోడ మీద క్యాలెండరులో తిథి కూడా చదువుతుంది.

ఇక నోటుబుక్కు కాక నా దగ్గరున్న సాక్ష్యాలు. పరిగి బంకు రసీదు మీద టైం ఉంది. నర్సింలు పంపిన ఫోటో మీద రెండూ యాభై రెండు అని ఉంది. నా వాచీని మర్నాడు టీవీతో సరిచూస్తే అర నిమిషం తేడా కూడా లేదు. విమల ఫోన్లో శ్రీధర్‌కి చేసిన కాల్ రెండూ ముప్పై ఒకటికి మొదలైనట్టు ఉంది. అది ఎంతసేపు సాగిందో కూడా ఫోన్ చూపిస్తుంది. నలభై ఒక్క నిమిషాలు. శ్రీధర్ ఫోన్లోనూ నలభై ఒకటే. అంటే ఆ కాల్ మూడూ పన్నెండు దాకా సాగాలి. అప్పటికి మేం ఊరు దాటి చాలా దూరం వచ్చేశాం. కాల్ తర్వాత తాలింపు, ఎనిమిది రొట్టెలు, భోజనం, జడ. వీటిని ఎక్కడ సర్దమంటారు?

ఫోన్లు తప్పు చూపిస్తాయని శ్రీధర్ అన్నాడు. రెండు ఫోన్లూ ఒకే తప్పు ఎలా చూపిస్తాయిరా అన్నాను. సంతోషంగా ఉంటే టైం తెలియదు కదా మామయ్యా అంది కోడలు. అలాగైతే రెండు గంటలు అరగంటలా అనిపించాలి. మాకు అరగంటలో రెండు గంటలు జరిగాయి.

విమల కంటి కట్టు విప్పాక మహాదేవమ్మకి ఫోన్ చేశాం. మాటల్లో ఆ రోజు ఎన్నింటికి బయల్దేరామో గుర్తుందా అని అడిగాను.

"గుర్తు లేకేం సార్? దీపం పెట్టినంకనే గదా పోయిన్రు" అంది. "చీకటి పడ్డది, పైలంగ పోండ్రి అని నేనే జెప్తి."

ఆమెకి అరవై రెండేళ్లు, మతిమరుపు లేదు. మా వాడి పిల్లల పేర్లు తడుముకోకుండా చెప్పింది. ఆమె ఇంట్లో దీపం పెట్టే వేళకి మేం విమానంలో బెల్టు పెట్టుకుంటున్నాం.

దీనికి కారణం నాకు తెలియదు. తెలిసినవాళ్లనీ, తెలియనివాళ్లనీ అడిగాను. ఒక్కరి జవాబూ నా లెక్కకి కుదరలేదు. విమలకి ఆ బాధేం లేదు. "తనివితీరా ఉండి వచ్చాం. చాలదా?" అంటుంది. చాలదు, నాకు రాత్రిళ్లు ఇంకా లెక్క తిరుగుతూనే ఉంటుంది. కానీ జీవితంలో మొదటిసారి ఒక లెక్క కుదరకపోయినా నాకు దిగులుగా లేదు.

వచ్చే నెల ఇద్దరికీ తాండూరుకి రైలు టికెట్లు తీశాను. తిరుగు టికెట్లు ఏ రోజుకి తియ్యను అని విమలని అడిగాను. ఆమె నా మొహంలోకి చూసింది, రెండు కళ్లతోనూ.

తియ్యలేదు.