డాక్టరమ్మ కూర్చుంటేనే కదిలే కారు

1979 ఏప్రిల్‌లో నన్ను కరీంనగర్ నుంచి వరంగల్‌లోని ప్రభుత్వ వాహనాల వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. ఫోర్‌మన్ అంటే మెకానిక్కులకు పైన, ఇంజనీరుకు కింద. బండి బాగైతే పేరు ఇంజనీరుది, కాకపోతే తిట్లు ఫోర్‌మన్‌వి. నేను చేరిన వారంలోనే ఒక ప్రసూతి దవాఖాన నుంచి తెల్లకారు ఒకటి వచ్చింది. ఆ దవాఖాన పేరు ఇక్కడ అవసరం లేదు. కారుతో పాటు అక్కడి పరిపాలనాధికారి పంపిన కబురు కూడా వచ్చింది. కారులో లోపం ఉంటే బాగుచేయండి, లేకపోతే లేదని రాసివ్వండి అని.

రెండో మాటే ఆయనకు కావలసిందని కారు తెచ్చిన డ్రైవరు ముఖం చూస్తేనే తెలిసిపోయింది. అతని పేరు కొమురయ్య. తొర్రూరు దగ్గర పల్లెటూరివాడు, ఇంకా టెంపరరీ ఉద్యోగి. కారులో లోపం లేదని నేను సంతకం పెడితే అతను అబద్ధాలకోరని తేలుతుంది, ఉద్యోగం పోతుంది.

సంగతేమిటని అడిగాను. చెప్పడానికి జంకాడు. చివరికి, “సార్, నవ్వద్దు మరి. డాక్టరమ్మ కూసుంటే బండి లేస్తది. నేనొక్కన్నే ఉన్ననంటే ఒక్కోపాలి అస్సలు లేవది” అన్నాడు.

నా మెకానిక్కులు నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వేస్తే సగం ఫిర్యాదు అక్కడే పోతుందని మా గురువు చెప్పేవాడు.

డాక్టరమ్మ ఆ దవాఖాన సూపరింటెండెంటు. హస్తవాసి గల మనిషని చుట్టుపక్కల పల్లెల నుంచి మండే ఎండలో బండ్లు కట్టుకుని ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆ హస్తవాసి మనుషులకే కాదు, కారుకు కూడా ఉందని దవాఖానంతా నమ్మింది. కారు మొరాయిస్తే ఆయా పరుగెత్తుకెళ్ళి వార్డులో ఉన్న డాక్టరమ్మను పిలిచేది. ఆమె వచ్చి వెనక సీట్లో కూర్చునేది, కారు స్టార్టయ్యేది, ఆమె దిగి మళ్ళీ వార్డులోకి వెళ్ళేది. కొన్ని నెలలుగా ఇదే తంతు. ఒకరోజు మాత్రం ఆమె ఆపరేషన్ బల్ల దగ్గర ఉంది. కాన్పులో రక్తం పోతున్న మనిషి కోసం పెద్ద దవాఖాన నుంచి రక్తం సీసా తేవాలి. కారు లేవలేదు. డాక్టరమ్మ రాలేదు, వచ్చే వీలూ లేదు. కొమురయ్య రిక్షాలో పోయి సీసా తెచ్చేసరికి ఆ తల్లి ప్రాణం అంచుదాకా పోయి వచ్చింది. ఒంటరిగా పోవడానికి బద్ధకించి డ్రైవరు నాటకమాడాడని పరిపాలనాధికారి తేల్చేశాడు.

మేం పద్ధతి ప్రకారం పరీక్ష మొదలుపెట్టాం. బ్యాటరీ గదుల్లో ఆసిడ్ చిక్కదనం కొలిచాం, సరిగ్గా ఉంది. ఇంజన్‌ను మొదట తిప్పే స్టార్టర్ మోటారు విప్పి చూశాం, శుభ్రంగా ఉంది. పరీక్ష అయినప్పుడల్లా బానెట్ దించి తాళం తిప్పాం. తిప్పిన ప్రతిసారీ ఇంజన్ అందుకుంది. కొమురయ్య తల వంచుకుని నిలబడ్డాడు. మా ఇంజనీరు, రాసిచ్చి పంపెయ్యవయ్యా అన్నాడు. రోగాన్ని ఇంటి దగ్గర చూడాలి గానీ వర్క్‌షాపులో చూస్తే ఏం తెలుస్తుందని, కారుతో పాటు నేనూ దవాఖానకు పోయాను.

పోర్టికోలో కారు పెట్టించి, కొమురయ్యను రోజూ చేసినట్టే చేయమన్నాను. అతను కారుకు దండం పెట్టుకుని, సీట్లో కూర్చుని, తన డోరును రెండు చేతులతో దగ్గరికి లాక్కుని మెల్లగా ఒత్తాడు. చప్పుడు లేదు. తాళం తిప్పాడు, స్టార్టయింది. ఆపి మళ్ళీ తిప్పమన్నాను, మళ్ళీ అయింది. ఆ తర్వాత తిప్పినప్పుడు లోపల ‘టక్’ మని ఒక్క శబ్దం. అంతే. కారు చచ్చినట్టు పడి ఉంది.

“గిదే సార్, గిదే!” అన్నాడు కొమురయ్య. కారు లేవనందుకు అంత సంతోషించిన డ్రైవరును నేను మరి చూడలేదు.

నేను దేన్నీ ముట్టుకోలేదు. డాక్టరమ్మను పిలిపించాను. సన్నటి మనిషి, నేత చీర, చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. నన్ను చూసి విసుగ్గా నవ్వి, “నేనేం మంత్రం వేస్తలేను ఫోర్‌మన్ గారూ. కూసోమంటే కూసుంటున్న” అని వెనక సీట్లో కూర్చుంది. కొమురయ్య ఆమె డోరు వేసి, చుట్టూ తిరిగి వచ్చి తన సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్క ఉదుటున అందుకుంది.

నిజం చెప్తున్నాను, నా ఒళ్ళు గగుర్పొడిచింది. పాతికేళ్ళు ఇంజన్ల మధ్య బతికినవాణ్ణి, మోటారుకు మనిషి భేదం లేదని ఒట్టు వేసి చెప్పగలవాణ్ణి. కళ్ళముందు జరిగింది మాత్రం అదే. వరండాలో కూర్చున్న, పేషెంట్ల వెంట వచ్చినవాళ్ళు చేతులు జోడించారు. కోడలి కాన్పుకు వచ్చిన ఒక ముసలమ్మ లేచి వచ్చి కారు మడ్‌గార్డు తాకి కళ్ళకద్దుకుంది. ఆ క్షణంలో నేనూ అద్దుకునేవాణ్ణేమో.

అప్పుడే దూరంగా గేటు కిర్రుమంది. గేటు మలుపు తర్వాత, గోడ చాటున ఉంది. పోర్టికో అక్కడికి కనబడదు. నేను నడిచి వెళ్ళి చూస్తే, గేట్‌మ్యాన్ అప్పటికే తలుపులు బార్లా తీసి, సలాం కొట్టడానికి అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. అమ్మ కారెక్కినట్టు నీకెట్ల తెలిసిందని అడిగాను.

“డోర్ సప్పుడు ఇనవడ్తది గద సార్! కొమురయ్య డోరు ధనామని ఏసిండంటే అమ్మ కూసున్నట్టే.”

నేను అక్కడే నిలబడిపోయాను. ఆ రోజుల్లో ఆఫీసరు డోరు డ్రైవరే వేయాలి, అది మర్యాద. గేటుదాకా వినబడేట్టు వేయాలి, అది ఆచారం. తన డోరు మాత్రం చప్పుడు లేకుండా వేసుకోవాలని కొమురయ్యకు డ్రైవింగ్ నేర్పిన ఉస్తాదు చెప్పాడట. బండి అన్నం పెట్టే తల్లి, తల్లి మీద చెయ్యి ఎత్తొద్దని. అంటే డాక్టరమ్మ ఎక్కితే కారు అదురుతుంది, కొమురయ్య ఒక్కడే ఎక్కితే అదరదు. మా వర్క్‌షాపులోనూ బానెట్ ధడేలుమని దించాకే తాళం తిప్పాం.

మళ్ళీ మొరాయించేదాకా కారును ఆపుతూ తిప్పుతూ కూర్చున్నాం. మొరాయించాక డాక్టరమ్మను కూర్చోమని, అమ్మా, ఈసారి డోరు మీరే మెల్లగా వేసుకోండి అన్నాను. ఆమె వేసుకుంది. కొమురయ్య తాళం తిప్పాడు. టక్. కారు లేవలేదు. కొమురయ్య ముఖం పాలిపోయింది. అమ్మ మాట కూడా కారు వినలేదంటే అతనికి ఇంక దిక్కెవరు?

డాక్టరమ్మను దిగమని, ఖాళీ సీటు మీద డోరును నేనే ధనామని వేశాను. తిప్పు అన్నాను. ఇంజన్ అందుకుంది.

తర్వాతి పని తేలిక. అదిరితే కలిసేది, లేకపోతే విడిపోయేది ఎక్కడుందో వెతకాలి. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు తిరిగి బ్యాటరీని చేరడానికి ఇంజన్‌కూ కారు ఒంటికీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ ఉంటుంది. దాన్ని ఎర్త్ పట్టీ అంటాం. పైకి బాగానే ఉంది. విప్పి కొస వంచితే లోపల పచ్చటి చిలుము, తెగిన తీగలు. వెంట్రుకల్లాంటి నాలుగైదు పోగులే మిగిలాయి. నడిచే ఇంజన్‌లో నిప్పురవ్వకు ఆ పోగులు చాలు. స్టార్టరుకు చాలవు. దారంతో చెంబెడు నీళ్ళు తోడగలం గానీ బిందెడు తోడలేం కదా. డోరు ధనామన్నప్పుడు తెగిన తీగలు ఒకదానికొకటి తగిలేవి, కారు లేచేది.

కొత్త పట్టీ బిగించాం. బిగించిన కాసేపటికే వార్డు నుంచి ఆయా పరుగెత్తుకొచ్చింది, పెద్ద దవాఖాన నుంచి రక్తం సీసా తేవాలని. అలవాటు కొద్దీ అందరూ డాక్టరమ్మ కోసం చూశారు. ఆమె కదల్లేదు. “పో కొమురయ్యా, నాకు లోపల పనున్నది” అంది. కొమురయ్య కూర్చున్నాడు. డోరు మెల్లగా ఒత్తుకున్నాడు. తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. డోరు చప్పుడు లేదు కాబట్టి గేటు మూసే ఉంది. కొమురయ్య గేటు దాకా పోయి హారను కొట్టాల్సి వచ్చింది.

తీగ తెగిందని వరండాలో ఉన్నవాళ్ళకు వివరించి చెప్పాను. ముసలమ్మ అంతా విని, “గంతే గద బిడ్డా. తెగిన తీగె గూడ అమ్మ కూసుంటే అతుక్కున్నది” అంది. డాక్టరమ్మ ఒక్కతే పెద్దగా నిట్టూర్చింది. ఇక వార్డు వదిలి కార్లో కూర్చునే పని తప్పిందని.

పరిపాలనాధికారికి రాసిచ్చాను. లోపం కారులో ఉన్నది, డ్రైవరు చెప్పినది నిజం అని. కొమురయ్య ఉద్యోగం నిలిచింది, తర్వాత పర్మనెంటు కూడా అయింది.

రిటైరయ్యేదాకా నా కింద పనిచేసినవాళ్ళకు నేను చెప్పింది ఇదే. ఫిర్యాదు తెచ్చినవాడు చెప్పే కారణం తప్పు కావచ్చు. అతను చూసింది మాత్రం తప్పని అనుకోవద్దు. బండి ఎందుకు లేవలేదో అడిగే ముందు, లేచినప్పుడు ఎవరు ఏం చేశారో అడగండి. ఆ దవాఖానలో అందరూ నెలల తరబడి ఆ చప్పుడు విన్నారు. దాన్ని విని పని చేసినవాడు గేట్‌మ్యాన్ ఒక్కడే, నేను పోయేదాకా అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.