నీళ్లు కాగినయా

మా జహనుమా బస్తీలో ఎవరు పోయినా ముందు నీలమ్మకు కబురు వెళ్లేది. కూలిపని వదిలేసి వచ్చి, శవం పక్కన కూర్చుని, పోయిన మనిషి మీద అప్పటికప్పుడు పాట కట్టి శోకం పెట్టేది. అక్షరం ముక్క రాదు. అయినా మా బస్తీకి కవి అంటే ఆమే. సభల్లో శాలువాలు కప్పించుకునేవాళ్ల సంగతి నాకెందుకు?

డెబ్బై నాలుగులో, బట్టల మిల్లులో పనిచేసే దుర్గయ్య గుండె ఆగి పోయాడు. మధ్యాహ్నం శవాన్ని ఇంటికి తెచ్చారు. భార్య వరమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కంట చుక్క లేదు, నోట మాట లేదు. అత్త చంద్రమ్మ హడలిపోయింది.

"గిట్లనే ఉంటే దీని పానం గూడ పోతది. ఎట్లన్న జేసి ఏడిపియ్యి నీలక్కా!"

నీలమ్మ ఎత్తుకుంది. కొండ కూలె అంది, దీపమారె అంది. గల్లీ అంతా ఏడ్చింది. వరమ్మ కదల్లేదు. మగవాడు ఎవరు పోయినా పాడే మాటలే కదా అవి!

నీలమ్మ పాట ఆపి చంద్రమ్మను మెల్లగా అడిగింది. "పని నుంచి రాంగనే ఏమంటుండె నీ కొడుకు?"

"ఏమంటడు? చెప్పులిడుసుకుంట, నీళ్లు కాగినయా అంటుండె."

వాకిట్లో శవం స్నానానికి నీళ్లు కాగుతున్నాయి. నీలమ్మ గొంతు తగ్గించింది.

"నీళ్లు కాగినయి రావయ్యా, చెప్పులిడిసి రావయ్యా, సల్లారిపోతున్నయి రావయ్యా..."

కొండా లేదు, దీపమూ లేదు, చావన్న మాటే లేదు. వరమ్మ దిగ్గున లేచి వాకిట్లోకి ఉరికింది. "కాగినయి, కాగినయి" అంటూ పొయ్యి ముందు కూలబడి గుండెలు బాదుకుంది.

వరమ్మ ప్రాణం దక్కింది. కానీ ఆ మాట ఆమెను వదల్లేదు. మళ్లీ ఇంట్లో స్నానానికి నీళ్లు కాచలేదు. చలికాలంలోనూ వణుక్కుంటూ చన్నీళ్లే పోసుకునేది. అది చూసి నీలమ్మ శోకం పెట్టడమే మానేసింది. ఎవరు పిలిచినా, "నా నోటి మాట మంచిది గాదు బిడ్డా" అనేది. అంత బాగా కుదిరిన మాటకే ఆమె భయపడిపోయింది.

ఎనభై రెండులో నీలమ్మ పోయింది. ఆమెకు పాట కట్టేవాళ్లు లేరు. ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని ఊరికే ఏడ్చారు. అంతలో వరమ్మ వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా వాకిట్లో మూడు రాళ్లు పేర్చి, పొయ్యి రాజేసి, నీళ్లు పెట్టింది. అవి కాగేదాకా అక్కడే కూర్చుంది.