సోమవారం కూర

నాగర్‌కర్నూల్‌లో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలికి పుణ్యం మీద మహా మోజు. ఆదివారం పొట్టేలు మాంసం తెచ్చుకుని మెత్తటి ముక్కలన్నీ వాళ్లే మింగేవాళ్లు. సోమవారం శివుడి రోజు కాబట్టి నీసు ముట్టరు. మిగిలిన ఎముకలు, కొవ్వు, అడుగున గడ్డకట్టిన పులుసు స్టీల్ డబ్బాలో పోసుకుని ఆమె మెట్లు దిగి వచ్చేది. “పడేస్తే పాపం గదమ్మా, మీరు తినుండ్రి” అనేది. ఆ పాపం మా గిన్నెలో ఒంపి, చేతులు దులుపుకుని పోయేది.

నాకు ఒళ్లు మండేది. నేను సర్కారు ఆఫీసులో గుమాస్తాను, మాంసం కొనుక్కోలేనిదాన్ని కాదు. కానీ మా అమ్మ వీపనగండ్లలో ముప్పై ఏళ్లు రైతుల చేలలో కూలి చేసిన మనిషి. ఇలాంటి సోమవారం కూరలే కొంగు చాటున తెచ్చి నన్ను పెంచింది. ఇచ్చింది కాదనడం ఆమెకు చేతకాదు. ఒక్కసారి నా కోసం వద్దనమని ఎంత బతిమాలానో.

“తిండి మీద గంత కోపమేందే?” అనేది.

తిండి మీద కాదు నా కోపం. నిజం చెప్పొద్దూ, ఆ చెత్తతో అమ్మ చేసేది చూస్తే నోరూరేది. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి బాండలిలో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేగుతుండేవి. ఎముకల నుంచి పీకిన మాంసం వేసి ఎర్రగా వేయించి, పులుసు పోసి, పొద్దటి జొన్నరొట్టెలు తుంచి అందులోనే మగ్గబెట్టేది. ఒక్క బాండలి, పావుగంట పని. తిట్టుకుంటూనే తినేదాన్ని, సిగ్గులేని నాలుక నాది.

ఒక సోమవారం ఆ వాసనకు యజమానురాలి భర్త దిగివచ్చాడు. నుదుట మూడు విభూతి గీతలు. భార్య గుడికి పోయిందట.

“ఏం జేస్తున్నవ్ అవ్వా?” అన్నాడు.

“మీ ఇంటి కూరే పటేలా. రొట్టెలేసిన” అంది అమ్మ.

“జర పెట్టు. మా కూరే గద, ఏం గాదు.”

శివుడికి ఎగనామం పెట్టి మా గడప ముందు చతికిలబడ్డాడు. అమ్మ మురిసిపోతూ పెట్టింది. మళ్లీ అడిగితే మళ్లీ పెట్టింది. బాండలి గీకి పెట్టింది, మాకేమీ మిగల్లేదు. కారానికి ఆయన ముక్కు చీదుతుంటే చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“నీళ్లొద్దు. మీ ఇంట్ల మేం తాగం గద.”

వాన వచ్చేటట్టుంది అన్నంత మామూలుగా అన్నాడు. రొట్టె మాది, నూనె మాది, వండిన చెయ్యి మాది. అవన్నీ దిగిన గొంతులో నీళ్లు మాత్రం దిగవు. ఇంత చచ్చు మడి నేనెక్కడా చూడలేదు. ఆయన మూతి తుడుచుకుని పైకి పోయాడు. అమ్మ ఆ చెంబులో నీళ్లు వాకిట్లో గుమ్మరించింది.

మళ్లీ సోమవారం యజమానురాలు డబ్బాతో దిగింది. నేను లేచేలోపే అమ్మ గడప దాకా పోయింది. చెయ్యి చాపలేదు.

“వద్దమ్మా. మీ ఇంట్లది మేం తినం.”

“గదేంది, ఎందుకు తినరు?”

“మీ పటేల్ని అడుగుండ్రి” అని అమ్మ తలుపేసింది.